ఆయ్

దరఖాస్తులో గడులన్నీ నింపేశారు, సత్యవేణి టీచరుగారూ.
పేరు కెజియా. తండ్రి ఏసురత్నం. వృత్తి కొబ్బరి దింపు.
పుట్టుమచ్చలు రెండు, ఒకటి ఎడమ చెవి వెనక.
వేలిముద్ర వద్దండి, సంతకం చేస్తాను,
అదొక్కటీ వచ్చు, వంకరైనా నాదే.
కానీ ఈ కాగితంలో
నేనేం కోరుకుంటున్నానో రాసే గడి లేదు.
మీకు తీరికుంటే చెప్తాను.
పంటు ఇంకా అవతలి రేవులోనే ఉంది.

నాదీ ఇదే బడండి.
ఆ కిటికీ పక్కన, సున్నం కింద
వరద గీత ఉంటుంది చూడండి,
అప్పట్లో నా నడుం దాకా వచ్చేది.
మూడో తరగతి. సోమరాజు మాస్టారు
భాగహారం చెప్పి "అర్థమయిందా?" అనేవారు.
నలభై గొంతులు ఒక్కసారే "ఆయ్!" అనేవి.
అందులో నాది అందరికంటే గట్టిది,
ఏమీ అర్థంకాని వాడిది గనక.

ఒకసారి, ఒక్కసారే,
"లేదండి" అన్నాను.
బడంతా నవ్వింది.
మాస్టారు కొట్టలేదు. కొట్టినా బాగుండేది.
మంచివారే. చేతిలో సుద్దముక్క వంక చూసుకుని
"చెట్టెక్కేవాడికి ఇదంతా ఎందుకులేరా" అన్నారు.
ఆ మాట అర్థమయిందా అని మాత్రం అడగలేదు.
అదొక్కటే అర్థమయింది.

అప్పట్నించీ ముప్పయ్యేళ్ళుగా అంటూనే ఉన్నాను.
షావుకారు వెయ్యి కాయకి పది పుంజీలు తరుగంటే, ఆయ్.
బ్యాంకులో ఇక్కడ, ఇక్కడ, మళ్ళీ ఇక్కడ అంటే, ఆయ్.
అమలాపురం ఆసుపత్రిలో డాక్టరుగారు
మా అమ్మ ఊపిరితిత్తుల ఫిల్ము వెలుగుకి పట్టి
ఏదో చెప్పారు, నిదానంగానే చెప్పారు పాపం,
"అర్థమయిందా?" అన్నారు.
ఆయ్ అన్నాను.
మాత్రలు అన్నానికి ముందో తరవాతో
ఇంటికొచ్చాక నాకూ తెలీదు, ఆవిడకీ తెలీదు.
ఆవిడ సంగతి ఇప్పుడెందుకులెండి.

అరవై అడుగుల చెట్టు మీద నా కాళ్ళు వణకవు.
పైనించి చూస్తే గోదారి పాయా, దాని వెనక
గీసినట్టు సముద్రమూ కనిపిస్తాయి.
నేల మీద, బల్ల అవతల
ఎవరైనా కళ్ళజోడు సర్దుకున్నారంటే చాలు
గొంతు నూతిలోకి జారిపోతుంది.

అందుకని టీచరుగారూ,
దీనికి ఫస్టు ర్యాంకు రాకపోయినా ఫరవాలేదు.
ఇంగ్లీషు వస్తే మంచిదే, టై కట్టుకుంటే ముచ్చటే,
వాళ్ళమ్మ ఎక్కాలన్నీ రావాలంటుంది, చెప్పించండి.
నాకు కావలసింది చిన్నది. చిన్నదో పెద్దదో.
"అర్థంకాలేదండి, మళ్ళీ చెప్పండి" అనే మాట
దాని నోట్లో ఎండిపోకుండా చూడండి.
మిగతా పిల్లలు నవ్వితే
నవ్వు ఆగేదాకా దాని పక్కన కాస్త నిలబడండి.
అంతే.

ఇంకోటి. చెప్పాలా వద్దా అనుకుంటున్నాను.
ఇవాళ పొద్దున రేవు దగ్గర
ఇది నీళ్ళలోకి కొబ్బరిపీచు విసిరింది.
సముద్రం వైపు పోవాల్సింది, ఎగువకి పోయింది.
"నాన్నా, గోదారి వెనక్కెందుకు నడుస్తోంది?"
పోటమ్మా, అన్నాను.
"పోటంటే?"
సముద్రం పొంగడం.
"ఎందుకు పొంగుద్ది?"
చందమామ లాగుద్దంట. మా నాన్న చెప్పిందే చెప్పాను.
"అంత దూరాన్నించి? తాడు లేకుండా?"

పెద్దాళ్ళు చెబితే ఊఁ కొట్టాలి అనే మాట
పళ్ళ దాకా వచ్చిందండి.
మింగేశాను.
"నాకు తెలీదమ్మా" అన్నాను.
ఇన్నేళ్ళలో పైకి అనడం అదే మొదలు.
ఎవరూ నవ్వలేదు. ఒక కొంగ మాత్రం లేచిపోయింది.
ఇది నా చిటికెన వేలు పట్టుకుని
"అయితే టీచర్ని అడుగుదాం పద" అంది.
అలా గంట ముందే వచ్చేశాం.

అదిగో, పంటు కదిలింది.
అవతల రెండు వందల చెట్లున్నాయి నాకు.
ఇది అడుగుద్దండి, వదలదు.
మీకూ తెలీకపోతే తెలీదని చెప్పెయ్యండి,
ఏమీ అనుకోదు.
నాలుగింటికి వచ్చి తీసుకుపోతాను.
అప్పటికి పాటు మొదలవుద్ది,
ఆ పీచుముక్క తిరిగొస్తుందో లేదో
చూడాలంట.