సున్నా నంబరు గది

క్లైపెడా రేవులో రాత్రి రెండున్నర.
తూనిక వంతెన మీద గోధుమల లారీ
నలభై నిమిషాలుగా బరువు తేలక నిలబడి ఉంది.
డ్రైవరు ఓలెక్సా కిందికి దిగి
అరచేతుల్లోకి ఆవిరి ఊదుకుంటూ
నా కిటికీ వైపు చూస్తున్నాడు.

సర్వీసుల పట్టికలో మాత్రం ‘నడుస్తోంది’ అనే ఉంది.
నడవడానికేం, గానుగెద్దూ నడుస్తుంది.

లోపల జావా ఉంది, తెలుసు.
జేపీఎస్‌ని పంపాను, ఎవరెవరున్నారో చూసి రమ్మని.
జాబితాలో ఒక్కటే పేరు: జేపీఎస్.
ఇల్లంతా వెతకమంటే
అద్దంలో తన్ను తాను చూసుకొచ్చి
‘ఒకరున్నారు’ అంది.

ప్రాసెస్ నంబరు చేతికిచ్చి జేస్టాక్‌ని పంపాను.
‘ఈ పనికి చోటు చాలదు’ అని జవాబు.
అరవై నాలుగు జీబీలు. సగం ఖాళీ.
యంత్రం అబద్ధమాడదంటారు.
తనకొచ్చిన నాలుగు వాక్యాల్లోంచి
చేతికందింది ఏరి చెబుతుందంతే,
మా మామగారిలాగే.

నేను అడ్మినిస్ట్రేటర్‌ని.
అన్ని తలుపులూ నావే అనుకునేదాన్ని.
అది ఉన్నది సున్నా నంబరు సెషన్‌లో:
తెర లేదు, మౌస్ లేదు, ఎవరూ లాగిన్ కారు.
టెంప్ ఫోల్డరు కూడా వేరే.
తన ఖాతాలోంచి పిలిస్తే తప్ప పలకదు.

కాపలా స్టాసిస్ టీ తెచ్చి, నిలబడే తాగాడు.
‘పగటివాళ్లకి రాత్రి ఇక్కడ మనిషుంటాడని తెలీదు,
నిన్న నా కుర్చీ పట్టుకుపోయారు’ అన్నాడు.
నవ్వాను. తర్వాత నవ్వలేదు.

సిస్టమ్ ఖాతాతో ఒక నల్ల కిటికీ తెరిచాను.
‘నేనెవరు’ అని అడిగే ఆజ్ఞ ఒకటుంది.
రాత్రి మూడింటికి అడగకూడని ప్రశ్న.
అడిగాను. ‘సిస్టమ్’ అంది.

జేస్టాక్ మళ్లీ.
ఈసారి కట్టలు తెగినట్టు థ్రెడ్లు, థ్రెడ్లు,
అట్టడుగున ఆ రెండూ:
తూనిక థ్రెడ్ ప్రింటరు తాళం కోసం,
ప్రింటరు థ్రెడ్ తూనిక తాళం కోసం.
‘ముందు నువ్వు వదులు.’
‘కాదు, ముందు నువ్వు.’

రీస్టార్ట్ చేస్తే పోతుందని మొదటే తెలుసు.
గురువారం మళ్లీ వస్తుందనీ తెలుసు.
డంపు దాచుకున్నాకే ఆపాను, మొదలుపెట్టాను.

ఎర్రదీపం పచ్చబడింది.
ముప్పై తొమ్మిది టన్నుల ఆరువందల నలభై కిలోలు.
ఓలెక్సా చెయ్యెత్తాడు,
నాకో, దీపానికో.

రిపోర్టులో రెండు ముక్కలు రాశాను:
తాళాలు తీసుకునే వరుస మార్చాలి.
స్టాసిస్‌కి కుర్చీ ఇప్పించాలి.
రెండోది ఏ విభాగానికి పంపాలో
ఎంత వెతికినా జాబితాలో దొరకలేదు.