నెల తప్పిన లెక్క

తేజా లాట్లు దిగిన వారం వచ్చింది, ఆఖరుసారి.
ఆ తర్వాత బ్యాడిగి వచ్చింది, ఆర్మూరు వచ్చింది,
మిర్చి యార్డుకి వేసవి సెలవులూ వచ్చినయ్.
అది రాలా.

తొడిమలు తీసే చేతులకి తారీఖులేం తెలుసు?
కొత్తపేటలో, రెండో అంతస్తులో
డాక్టరమ్మ "ఎప్పుడైంది?" అంటే
మిరపకాయల పేర్లు చెప్పాను.
ఆవిడ నవ్వలా.
గోడకున్న క్యాలెండరు దించి నా ముందు పెట్టి
"తేజా ఎప్పుడు దిగిందో చూపించు" అంది.

ఇంట్లో లెక్క వేరు.
మా అత్త నాంచారమ్మ వేళ్ళు మడిచి
పక్కింట్లోంచి పుల్లమామిడి తెచ్చింది.
అయిన మూడ్రోజులూ చాప మీదకి తోసే మనిషి
కాని మూడు నెలలకి
తన నవారు మంచం నాకిచ్చింది.
"మా కోడలు నెల తప్పింది" అని
కుళాయి దగ్గర చెప్పొచ్చింది.

మందుల షాపు పుల్ల మీద
ఒక్క గీతే పడింది.
బోర్లించిన బకెట్ మీద కూర్చుని
రెండోదాని కోసం చాలాసేపు చూశాను.
పడాలనో, పడకూడదనో
ఇప్పటికీ చెప్పలేను.

కుప్పకి అవతల నుంచి, మూతికి గుడ్డ కట్టుకునే, దీవెనమ్మ:
"నువ్వులూ బెల్లం తినవే, అదే వస్తది."
తిన్నాను.
తుమ్ములొచ్చినయ్, ఘాటుకి.

రక్తం తీశారు.
గొట్టంలో ఆ ఎరుపు చూసి
ఉన్నావుగా, ఎక్కడికీ పోలేదుగా అనుకున్నా.

గొంతులో థైరాయిడంట, బద్ధకించిందంట.
పైనది కునికితే కిందది దారి తప్పుద్దంట.
పరగడుపున చిన్న మాత్ర,
వేసుకున్నాక ముప్పావుగంట టీ తాగకూడదు.
రోగం కంటే అదే కష్టంగా ఉంది నాకు.
"మూడు నెలలు రాకపోతే
ఎదురుచూస్తా కూర్చోవద్దు, నా దగ్గరికి రా" అంది.
తప్పు చేశావని మాత్రం అనలా.
తప్పింది నెల అని నాకప్పుడే తట్టింది,
నేను కాదు.

క్యాలెండరు పొయ్యి పక్కన మేకుకి తగిలించాను.
పిల్ల "ఈ సున్నా ఏంటమ్మా?" అంటే
దాచకుండా చెప్పాను.
పుల్లమామిడి పప్పులో పడింది.
ఆ పూట అత్త నాతో మాట్లాడలా.

రాత్రి లైటు తీశాక
చీకట్లోంచి అడిగింది:
"నాక్కూడా ఇక్కడ, గొంతు కాడ, బరువుగా ఉంటదే.
ఎన్నాళ్ళ నుంచో.
ఆ డాక్టరమ్మ
ముట్లుడిగినోళ్ళని కూడా చూస్తదంటావా?"