ఏ వైపు కూర్చోవాలి

ముప్పై ఒక్క ఏళ్లు
సెప్టెంవ్రి ఊళ్లో ఇంటింటికీ తిరిగి
నీళ్ల మీటర్లు చూసి రాసుకున్నవాణ్ణి.
రిటైరయ్యాక చేతికి ఏదో ఒక అంకె కావాలిగా,
రైళ్లకు తగులుకున్నాను.

"బల్గేరియాలో రైలెక్కేదే ఎవరు, వెలిచ్కో?
ఎక్కినవాడికైనా నీ పుస్తకమెందుకు?"
మా బావమరిది నవ్వాడు.
నవ్వనీ.
టైంటేబుల్లో లేనివే రాస్తానన్నాను.

మొదట మా ఊరి చిన్న గేజి బండి.
డోబ్రినిష్టే దాకా నూట పాతిక కిలోమీటర్లు, అయిదు గంటలు.
మేకతో పందెం వేస్తే మేకదే గెలుపు.
రెండో పెట్టెలో మూడో కిటికీ ఒక్కటే
పూర్తిగా కిందికి దిగుతుంది.
రాశాను.
వెలిన్‌గ్రాడ్‌లో తొమ్మిది నిమిషాలు ఆగుతుంది.
వేడి బానిట్సా కొనుక్కుని, నాలుక కాల్చుకుని,
పరుగున వచ్చి ఎక్కడానికి ఏడు చాలు.
రాశాను.
లోయలో నది ముందు కుడిచేతికి,
వంతెన దాటితే ఎడమకు.
కనుక కుడివైపు కూర్చోండి,
తర్వాత సిగ్గుపడకుండా లేచి సీటు మారండి.
అదీ రాశాను.

అవ్రామొవో కొండెక్కేటప్పుడు
పట్టాలు పాములా చుట్టలు చుట్టుకుంటాయి.
కాసేపటికి కిందికి చూస్తే
ఇందాక మనం వచ్చిన దారే
ఎవరిదో అన్నట్టు పడుంటుంది.
అక్కడేం రాయాలో తోచక
"కిందికి చూడండి" అని ఊరుకున్నాను.

టికెట్లు చూసే జెమీలే
నా నోటుపుస్తకం లాక్కుని చదివింది,
ఒక తప్పు పట్టింది:
"పొగాకు తోరణాలు చూడాలంటే సెప్టెంబరులో రావాలి.
ఆగస్టులో వస్తే మా ఆడవాళ్ల చేతులు చూడు,
ఎన్ని సబ్బులరిగినా నలుపు పోదు."
రెండూ రాసుకున్నాను.

నలభై ప్రతులు తీయించి
టికెట్ల కిటికీ పక్కన పెట్టాను.
మొదటి వారం మూడు కదిలాయి,
అందులో ఒకటి గాలికి.

రెండో నెలలో రూసె నుంచి ఉత్తరం.
త్సోంకా అట, పేరు కింద వయసు కూడా వేసింది, ఎనభై నాలుగు.
"అయ్యా, మీ పుస్తకంలో మేచి దోల్ లేదేం?
మా నాన్న అక్కడ జెండా ఊపేవాడు.
ఇప్పుడక్కడ బండి ఆగుతుందా?"

ఏ పట్టికలోనూ ఆ పేరు లేదు.
డ్రైవర్లు తెలీదన్నారు.
పట్టాలు తట్టి చూసే ముసలాయన ఒకడు మాత్రం
"మూడో సొరంగం దాటగానే" అన్నాడు,
నోట్లో గింజలు నములుతూనే.

నాలుగుసార్లు వెళ్లాను.
ఒకసారి పొగమంచు.
ఒకసారి ఎదురుగా కూర్చున్నాయన మోకాలి ఆపరేషన్ కథ.
ఒకసారి నిద్రపోయాను, దాచడమెందుకు.
నాలుగోసారి కుడివైపు కూర్చున్నాను,
ఏ వైపు కూర్చోవాలో
లోకానికంతా చెప్పేవాణ్ణి.

అయిదోసారి చీకటి తెగిపోగానే
ఎడమ కిటికీలోకి వచ్చింది.
సగం గోడ. సగం అక్షరాలు.
జెండా గది తలుపులోంచి
వీధిలోకి తొంగిచూసినట్టు ఒక రేగిపండ్ల చెట్టు.
పట్టాలకేసి తిరిగిన బల్ల,
ఎవరూ లేచి వెళ్లినట్టు లేదు.

నేనేమీ అడగలేదు.
జెమీలేనే చెప్పి ఉంటుంది:
గేటు లేదు, మలుపు లేదు,
అడ్డంగా గొర్రె కూడా లేదు,
అయినా డ్రైవరు హారన్ కొట్టాడు.
లోయ తిరిగి కొట్టింది.
గడియారం చూశాను, అలవాటు పోదుగా.

త్సోంకాకు ఉత్తరం రాయబోతే
ప్రతి వాక్యం కన్నీళ్ల వైపే జారింది.
చించేశాను.
మిగిలిన ముప్పై ఏడు ప్రతులూ ఇంటికి తెచ్చి
పన్నెండో పేజీ అంచున
ఒక్కోదాంట్లో సిరాతో, నా చేత్తో ఎక్కించి,
మొదటిది రూసెకి పోస్టు చేశాను:

మేచి దోల్. రైలు ఆగదు.
ఎడమవైపు కూర్చోండి.
మూడో సొరంగంలోనే మాటలు ఆపేయండి.
పదకొండు సెకన్లు.