పట్టా

రెండో షిఫ్టు మధ్యాహ్నం రెండు గంటలకు.
గాజులు తీసి సద్ది టిఫిన్ల ఏస్త.
తలకు టోపీ, మూతికి గుడ్డ, కాళ్లకు సంచులు.
కండ్లు తప్ప నాదేదీ లోపలికి రాదు.

కిందటేడు ఒక పెట్టెల పొడుగు ఎంట్రుక దొరికిందని
ఓడ ఎక్కాల్సిన లాటు మొత్తం గోదాంల ఆగింది.
ఎవలదో తెల్వలే. అందరం జడలు తడుముకున్నం.
ఈడి మనిషి ఆనవాలు ఏదీ ఆ దేశం పోవద్దు,
గోళీ ఒక్కటే పోవాలె.

ఏ దేశమని అడిగితె
పాకింగు చూసే నర్సింలు సారు
క్యాలెండరు కాయిదం ఎనుక పటం గీసి చూపిండు.
ఇగో ఇది సముద్రం. ఇగో ఇది మొజాంబికు.
ఆడ ఈ రోగం బాగ తిరిగిందట.
రోగం పేరు చెప్పలే.
నాకు చెప్పనక్కర లేదు.

మా అన్న జానయ్య
బెజవాడ రోడ్డు మీద లారీ కిలీనరు.
స్టీరింగు చేతికి రాకముందే చిక్కిపోయిండు.
నల్లగొండల డాక్టరు తలుపు దగ్గరికేసి
మెల్లగ చెప్పిండు, చీటీ రాసిచ్చిండు.
మొదటి నెల మందుకు పాడి బర్రె పోయింది.
రెండో నెలకు సూడి బర్రె.
మూడో నెలకు దుడ్డె, అదీ సగం ధరకు,
అమ్మేటోల్ల మొకం చూస్తే కొనేటోల్లకు తెలుస్తది.
నాలుగో నెలకు కొట్టంల గుంజలు మిగిలినయ్.
అన్న ఆ గుంజల దిక్కే చూసుకుంట పండేటోడు.
ఇగ నన్ను కట్టేయిరి ఆడ, అని
నవ్విండు ఒకనాడు.

భూమికే పట్టా ఉంటదనుకున్న అప్పటిదాంక.
గోళీకీ ఉంటదంట.
సముద్రం అవుతలి కంపెనీ పేరు మీద
ఇరవై ఏండ్ల పట్టా.
ఇంకెవలు చేసినా కబ్జా చేసినట్టేనట.
మన కాడ ఆ పట్టా చెల్లదని
మనోల్లు అదే గోళీని వేరే తొవ్వల వండిండ్రట.
బర్రె ధర మందు
చాయి ధరకు దిగింది.
దిగేటాలకు మా అన్న పోయి ఆరేండ్లు.

మా రెండెకరాల పట్టా
కంపెనీ బీరువాల ఉన్నది.
ఈ మిషిను ఉన్న జాగ
మా జొన్నచేను మూల అయితదని నా లెక్క.
ఎవలకు చెప్పలే.

వానొచ్చిన రాత్రి ఎనుక గేటు కాడ మోటరు నడుస్తది.
తెల్లారితే వాగుల నురుగు.
సుద్దబాయి నీళ్లు అంట్లకు గూడ పనికి రావు,
క్యాను నీళ్లు కొనుక్కుంటం.
బాయి పేరు మీద పుట్టిన ఊరు మాది,
సుద్దబాయిగూడెం.
తిడుదామంటే నోరు రాదు.
మొక్కుదామంటే
నిమిషానికి నలభై పట్టీలు,
చేతులు ఖాళీ లేవు.

పట్టీ ఎనుక ఎండి కాయిదం మీద
చీమ తలకాయంత అచ్చరాలు.
ఏడో తరగతి ఇంగిలీసు నాది.
ఆ దేశం భాష రాదు, మందు పేరు నోరు తిరగదు.
గని ఆఖరి వరుసల ఒక్క మాటను
మూడు దినాలు కూడబలుక్కుంటే
మా ఊరు.

ఆడ ఒకామె ఉంటది. పేరేందో.
పొద్దుగాల లేచి బొటనేలుతో ఒత్తుతది.
గోళీ బయటికొస్తది, కాయిదం చినుగుతది.
ఒకనాడు సుద్ద పోతది.
ఒకనాడు బాయి.
పది దినాలకు మా ఊరి పేరు మొత్తం చినిగినంక
ఆమె ఇంకో పట్టీ తీస్తది.

తియ్యనీ.
ఆమె కొట్టంల బర్రె ఉండనీ.