బల్బు కింద ఎంచుకున్న పసుపు

వార్డోలో రంగుల కొట్టు నాది.
నవంబరు నెలాఖరున మునిగిన సూర్యుడు
మళ్ళీ మొహం చూపించేది జనవరి మూడోవారం దాటాకే.
ఆ రెండు నెలలూ నేను రంగులు అమ్మను.
అంటే, అమ్ముతాను,
ముందు ఒక మాట చెప్పి:
"బల్బు కింద చూసింది బల్బు చెప్పిన రంగే,
తర్వాత నా పూచీ లేదు."

డిసెంబరు తొమ్మిదిన సున్నివా, యోస్తైన్ వచ్చారు.
ఆమెకు కోటు బొత్తాలు పట్టడం ఎప్పుడో మానేశాయి,
మొగుడి స్వెట్టర్‌లో తిరుగుతోంది.
అతను రేవులో క్రేను నడుపుతాడు.
గది కొలతలు అట్టముక్క మీద రాసుకొచ్చాడు,
మూడు మీటర్ల చిల్లర, రెండు మీటర్లు,
దక్షిణాన ఒకటే కిటికీ.

"పసుపు కావాలి" అంది.
"ఏ పసుపు?"
చాలాసేపు ఆలోచించింది.
"గుడ్డు ఎక్కువ ఉడికితే
సొన చుట్టూ పచ్చగా ఓ గీత వస్తుందే,
అది కాదు. దాని లోపలిది."

కలిపాను. మూత మీద ఒక చుక్క.
"ఆవపిండి" అన్నాడతను.
మళ్ళీ కలిపాను.
"ఇది లైఫ్ జాకెట్."
మూడోసారి ఇద్దరూ ఏమీ అనలేదు.
తలలు వంచి చూస్తూ ఉండిపోయారు,
వాళ్ళ ఊపిరికి చుక్క ఆరిపోయింది.

నాకు పోయినేడాది గుర్తొచ్చింది.
వాళ్ళకీ వచ్చే ఉంటుంది.

అప్పుడు కొన్నది నీలం. లేతది, రెండున్నర లీటర్లు.
మార్చిలో అతనొక్కడే వచ్చి
మూత తియ్యని డబ్బా కౌంటరు మీద పెట్టాడు.
కలిపిన రంగు వాపసు తీసుకోబడదు అని
నా చేత్తో రాసిన బోర్డు గోడకుంది.
దాని కిందే నిలబడి డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను.
కారణం అడగలేదు.
కిర్కెనెస్ ఆసుపత్రికని పడవెక్కి
ఎవరు ఒట్టి చేతులతో తిరిగొచ్చారో
ఈ ఊళ్ళో ఒకరు చెప్పాలా!
ఆ డబ్బా ఎవరికీ అమ్మలేదు.
కౌంటరు కింద, పాత బ్రష్షుల వెనక ఉంది.

క్రిస్మస్‌కి ముందు గది చూడమని పిలిచారు.
తొట్టిమంచం చేపల ఫ్యాక్టరీలో పనిచేసే తమిళులదట,
కడ్డీల నిండా నలుగురు పిల్లల పళ్ళగాట్లు.
"వాటి మీద మాత్రం రంగు పడకూడదు" అంది సున్నివా,
ఆ నాలుగు కడ్డీలకీ గుడ్డ చుట్టి.
యోస్తైన్ పఫిన్ పిట్టలు చెక్కాడు, ఐదు.
ఒకటి అచ్చం బాతులా వచ్చింది,
దాన్నీ దారం కట్టి మంచం పైన వేలాడదీశాడు.
బల్బు వెలుగులో గోడలు
అప్పుడే కోసిన సొనలా ఉన్నాయి.
నాకే ముచ్చటేసింది.

జనవరి పదకొండున ఆడపిల్ల.
ఈసారి పడవలో ముగ్గురు దిగారు.

సూర్యుడొచ్చిన మధ్యాహ్నం కోట మీద ఫిరంగి పేలింది,
బడిపిల్లలు వీధుల్లో పడ్డారు.
నేను కొట్టుకి తాళం వేసి వాళ్ళింటికి పరిగెత్తాను,
పరీక్ష ఫలితం చూసుకునేదానిలా.
కిటికీలోంచి వెలుగు పాకి
గోడ మీద పడి, కాసేపు నిలబడింది.
సొన కాదు.
దాని చుట్టూ ఉండే పచ్చగీత!
నాలుగు గోడలూ అదే.

పాలిస్తూనే నవ్వేసింది సున్నివా,
కదుపుకి పాప నోరు జారి కేరుమంది.
"ఊరికే మళ్ళీ వేసిస్తాను" అన్నాను సిగ్గుతో.
"వద్దు. అది కళ్ళు తెరిచి చూసిన రంగు ఇదేగా."

వెలుగు వెళ్ళిపోయింది.
దీపం వెయ్యడానికి ఎవరూ లేవలేదు.
అప్పుడడిగింది, నా వైపు కాదు, గోడ వైపు చూస్తూ:
"ఆ నీలం ఉందా ఇంకా?"

ఉంది. ఏడాదికి పైగా కదలక
నూనె పైకి తేలింది, రంగు అడుగున గడ్డకట్టింది.
పావుగంట కలిపితేగాని లేవలేదు.
గోడకి వెయ్యలేదు వాళ్ళు.
పాప బట్టల సొరుగు లోపల, అడుగున వేశారు.
మూస్తే కనిపించదు.
తెరుస్తారు, మేజోళ్ళు తీస్తారు, మూస్తారు,
మళ్ళీ తెరుస్తారు,
రోజుకి ఎన్నిసార్లో.