కల నటించిన మధ్యాహ్నం

చాప పరిచి పడుకోమంది దేచమ్మ.
హెసరఘట్ట రోడ్డులో రేకుల షెడ్డు,
పైన నవంబరు తుంపర,
లోపల తడిసిన కుక్కల వాసన, ఫినాయిల్ వాసన.

"రాత్రిళ్లు ఆయన ఎట్లా చేస్తాడో
అట్లాగే చెయ్యమ్మా" అంది.
కుక్కకు పాఠం రావాలంటే
ముందు ఎవరో ఒకరు పీడకల కావాలంట.
ఈ బెంగళూరంతా గాలించినా
దానికి పనికొచ్చేది నేనొక్కదాన్నే.
పన్నెండేండ్లుగా దాని పక్కలోనే పడుకుంటున్నా.

మొదట ఎడమకాలి బొటనవేలు అదురుతుంది.
తర్వాత పళ్లు,
ఎవరో చీకట్లో కంకర నూరుతున్నట్టు.
ఆపైన కుడిచెయ్యి పరుపును తవ్వుతుంది,
గోళ్లతో, మంచును తవ్వినట్టు.
మంచని నాకెవరూ చెప్పలేదు.
మే నెల ఉక్కలోనూ ఆ చెయ్యి చల్లగా ఉంటే
నేనే అనుకున్నా.
ఆఖర్న ఒక పేరు.

మా కుక్కరు అటకెక్కి ఏడేండ్లయింది.
పప్పు గిన్నెలోనే ఉడుకుతుంది, గంటన్నర.
దీపావళి మూడు రోజులూ ఆయన
బాత్రూంలో కొళాయి తిప్పుకుని కూర్చుంటాడు.
నిమ్హాన్స్ చీటీలు బియ్యం డబ్బా పైన క్లిప్పు కింద.
పెన్షన్ కాగితంలో మాత్రం
గాయాలు: లేవు.

బఠాణిది లింగరాజపురం మోరీ గట్టు.
ఒక చెవి నిక్కి, ఒక చెవి వాలి,
ఎవరేం చెప్పినా సగమే నమ్మేటట్టుంటుంది.

బొటనవేలు కదిలించా.
బఠాణి ఆవలించింది.
పళ్లు నూరా.
తల పక్కకు వంచింది.
చాపను గీకా.
లేచి నిలబడింది.
"పేరు కూడా" అంది దేచమ్మ.

నోరు పెగల్లేదు.
పెండ్లిలో మొగుని పేరు చెప్పమన్నప్పుడు కూడా
ఇంత కష్టం కాలేదు.
అది నాకిచ్చిన పేరు కాదు,
పక్కవాని జేబులోంచి తీసినట్టు
నిద్రలోంచి తీసుకున్న పేరు.
కండ్లు మూసుకుని అరిచా:
"తిర్కీ! హాథ్ దే! తిర్కీ! హాథ్ దే!"

రేకులు మోగినాయి.
తడి ముక్కు నా గడ్డం కింద దూరింది.
ముందు కాళ్లు, వెనకే మొత్తం బరువు,
పద్దెనిమిది కిలోలు, సరిగ్గా రొమ్ము మీద.
"గుడ్ గుడ్" అని దేచమ్మ
ఎండిన కోడి లివరు ముక్కొకటి విసిరింది.
దానికి. నాకు కాదు.

అప్పుడు చూశా, తలుపు దగ్గర
ప్లాస్టిక్ కుర్చీలో ఓబులేసు.
బయటే ఉండమన్నాం, వాన లోపలికి తోలింది.
నిద్రపోయేవానికి తన కేక వినబడదు.
పన్నెండేండ్లు నేను విన్నది
ఇవాళే మొదటిసారి విన్నాడు,
అదీ పెండ్లాం నోట, అదీ పట్టపగలు.

లేవబోయా. కుక్క లేవనీలేదు.
"ఊపిరి కుదుటపడేదాకా దిగదు,
అట్ల నేర్పినాం" అంది దేచమ్మ.
అయిపోయింది, ఉత్తదే, పో అన్నా.
పోలేదు.
లివరు చూపించినా పోలేదు.

తొలి రాత్రికి ఇంటికి పంపినారు.
బస్సు కండక్టరు వద్దన్నాడు, ఆటో మాట్లాడుకున్నాం.
నడుమ బఠాణి, అటొకరం, ఇటొకరం.
జాలహళ్లి క్రాసు సిగ్నల్ దగ్గర
రోడ్డు వైపే చూస్తూ అన్నాడు:
"తిర్కీకి కుక్కలంటే భయం."

యశ్వంతపురం ఫ్లైఓవరు ఎక్కి దిగేదాకా
ఇంకో మాట లేదు.
నేనూ అడగలేదు.
ఆయన కుడిచెయ్యి మాత్రం
కుక్క మెడ బొచ్చులో కదులుతానే ఉంది.
దువ్వుతాందో తవ్వుతాందో
ఆ చీకట్లో తెలియలేదు.
బఠాణి వాలిన చెవిని
కొంచెం అటు తిప్పింది.