ఎత్తు నుదురు

మూడు నెలలు, మూడు వారాలు, మూడు రోజులు.
పంది సూడి లెక్క ఇంత సులువు.
థోర్కిల్ నాకు నేర్పిన మొదటి డేనిష్ మాట అదే,
పలకరింపు కంటే ముందు.

సాలింగ్ దగ్గర, ఉప్పుగాలి అడ్డంగా కొట్టే ఈ షెడ్డులో
నూట నలభై తల్లులకి వడ్డించేదాన్ని నేను.
బార్లీ, కాస్త గోధుమ తవుడు,
అవిసె పిండి గుప్పెడు,
చివరి వారం చక్కెరదుంప పిప్పి, నానబెట్టి.
పిప్పి తిన్న తల్లికి పేగు బిగుసుకోదు,
ఈత గంటల తరబడి సాగదు,
ఆఖర్న వచ్చే పిల్లకి ఊపిరి అందుతుంది.
అలాగని గంటె జారకూడదు,
బలిసిన తల్లి పురిట్లో అలిసిపోయి
తన పిల్లల మీదే ఒరుగుతుంది.
ఇదంతా గోడమీద పట్టికలో గ్రాముల్లో ఉంది.
నా చేతికి ఆ గ్రాములు ఎప్పుడో వచ్చేశాయి.

నలభై ఏడో నంబరుకి మూడో నెలలో కాలు కుంటిపడింది.
అది లేచి తొట్టి చేరేసరికి
పక్కవాటి మూతులు తొట్టి అడుగు నాకుతుండేవి.
మేం చూసుకోలేదు.
నేను చూసుకోలేదు.

నిన్న రాత్రి పదహారు పిల్లల్ని ఈనింది.
పదకొండోది నా అరచేతిలో తడిసిన మేజోడులా పడింది,
ఏడువందల గ్రాములు.
ఒళ్ళంతా ముడతలు. నుదురొక్కటే
నిటారుగా, గోడలా.
“డాల్ఫిన్ తల,” అన్నాడు థోర్కిల్.
“కడుపులో తిండి చాలనప్పుడు
ఉన్న కాస్తా మెదడుకే పంపుతుంది ఒళ్ళు.
కాలేయానికి కోత, కండకి కోత.
తల ఒక్కటే ఆగకుండా పెరుగుతుంది.”
రేపు వానొస్తుందన్నట్టే చెప్పాడు.
చెప్పి, ఎర్ర దీపం బల్బు మార్చడానికి వెళ్ళాడు.

నేను గ్లోవు తీసి
నా నుదురు తడుముకున్నాను.

మా అమ్మ పావ్లీనా బ్రయిల రేవులో
ఓడలకెక్కే పెట్టెలు లెక్కపెట్టేది.
ఎనభై అయిదు చలికాలం. నేనామె కడుపులో.
పెట్టెల్లో పంది తొడలు, భుజాలు, పక్కటెముకలు.
దేశానికి మిగిలినవి గిట్టలు.
‘దేశభక్తులు’ అని పేరు పెట్టుకున్నారు జనం వాటికి,
దేశం విడిచిపోనివి అవే కనక.
నాలుగు గంటలు క్యూలో నిలబడి
ఇద్దరు దేశభక్తుల్ని తెచ్చుకుని
అవే నీళ్ళు మూడు రోజులు కాచుకునేదట.
నేను పుట్టినప్పుడు కిలో ఎనిమిది వందలు.
“నుదురు చూడు, జడ్జీ నుదురు!” అందట
పురుడు పోసినావిడ.
బడికెళ్ళే ప్రతి పొద్దునా అమ్మ
దువ్వెన తడిపి నా జుట్టు వెనక్కి లాగి కట్టేది,
ఊరంతా ఆ నుదురు చూడాలని.

జడ్జీని కాలేదు.
మూడు మెట్లెక్కితే ఆయాసం,
జూన్‌లో కూడా వదలని చలి,
ఇవి ఎవరు కోసిన కోతలో
నిన్నటిదాకా అడగలేదు నేను.
అమ్మకి ఈ సంగతి చెప్పను.
ఆ చలికాలం నుంచి ఆవిడ దాచుకున్న
ఒకే ఒక గొప్ప అది.

పందికి మాయ దాటి రక్షణ రాదు.
పుట్టాక, మొదటి పూట,
ముర్రుపాలలోనే రావాలి అదంతా.
లావుపాటి అన్నల్ని గంటసేపు పెట్టెలో పెట్టి
ముందు చన్ను దగ్గర పదకొండోదాన్ని ఆనించాను.
పట్టలేదు.
పిండి, చెంచాతో, బొట్టు బొట్టుగా.
సగం నా మణికట్టు మీదే కారింది.

పొద్దున్న ఆరింటికి అది ఇంకా బతికే ఉంది.
అంతకు మించి రాయడానికి పట్టికలో గడి లేదు.

వడ్డనకి వెళ్ళాను.
తొంభై రెండోది, రెండో నెల,
ఎందుకో ఇవాళ ఆలస్యంగా లేచింది.
పక్కదాని మూతికి మోకాలు అడ్డం పెట్టి
అది తినేదాకా నిలబడ్డాను.
పక్కది నా బూటు కొరుకుతూనే ఉంది.